అమ్మమ్మగారి ఊరు చిక్కడపల్లి

"అమ్మా, ఇక్కడేం లేదే! నువ్వెప్పుడొచ్చి తీసుకెళ్తావ్?"

మా మనవడు బాల్కనీలో నిలబడి, బెంగుళూరులో ఉన్న వాళ్ళమ్మతో ఫోనులో రహస్యంగా చెప్పిన మాటలివి. రహస్యమనే అనుకున్నాడు పాపం. వంటింటి కిటికీ ఆ బాల్కనీలోకే తెరుచుకుంటుందనీ, ఆ కిటికీ వెనక అమ్మమ్మ మామిడికాయ పప్పుకి తాలింపు వేస్తోందనీ వాడికేం తెలుసు? పిల్లలొచ్చి అప్పటికి సరిగ్గా నాలుగు రోజులు. సెలవులు ఇంకా నెల రోజులున్నాయి. మూకుడులో ఆవాలు చిటపటలాడుతున్నాయి గాని నా ప్రాణం మాత్రం చల్లబడిపోయింది.

దీనికింత బాధ దేనికీ అంటారేమో. "అమ్మమ్మగారి ఊరు" అనే మాటకి మా ఇంట్లో ఒక చరిత్ర ఉంది. కృష్ణాజిల్లాలో కాలవగట్టు పక్కన మా పుట్టిల్లు. మా అమ్మాయి చిన్నతనంలో పరీక్షలైన మర్నాడే రైలెక్కేది. మళ్ళీ బడులు తెరిచే ముందురోజు, నల్లగా మాడిపోయి, మోకాళ్ళ నిండా దెబ్బలతో, మహా సంతోషంగా తిరిగొచ్చేది. మా అమ్మ పోయింది. అన్నదమ్ములు తలో ఊరూ చేరారు. ఆరేళ్ళ కిందట ఆ ఇల్లు అమ్మేశాం. అంచేత ఇప్పుడు అమ్మమ్మని నేను. అమ్మమ్మగారి ఊరు హైదరాబాదు చిక్కడపల్లిలో రెండో అంతస్తు, మూడు గదులు. ఆ ఊళ్ళో "ఏం లేదు" అని తేల్చేశాడు పన్నెండేళ్ళ మనవడు. వచ్చే ఏడు రానంటే ఇక మాకు మిగిలేవి ఫోనులో కనిపించే మొహాలే.

నిజం చెప్పాలంటే ఆ నాలుగు రోజులూ నేను ఊరుకోలేదు. వాళ్ళు రాకముందే కాగితం మీద కార్యక్రమం రాసి పెట్టాను. మొదటి రోజు గోలకొండ. వంటా వార్పూ ముగించి బయల్దేరేసరికి పదకొండు దాటింది. కోట గుమ్మం దగ్గర చప్పట్లు కొడితే కొండమీది బాలాహిస్సారులో వినిపిస్తుందని గొప్పగా చెప్పి తీసుకెళ్ళాను. చప్పట్లు కొట్టాం కూడాను. పైకెక్కి వినే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది. ఏప్రిల్ నెలాఖరు ఎండలో, మిట్టమధ్యాహ్నం, కాలిన రాళ్ళమీద మూడువందల పైచిలుకు మెట్లు! ఎనిమిదేళ్ళ చిన్నది నూరు మెట్లెక్కి నీడలో కూలబడి వాంతి చేసుకుంది. తప్పు కోటదా? నాది. రెండోరోజు భయపడి చల్లగా ఉండే పెద్ద మాలుకి తీసుకెళ్ళాను. మూడు గంటల్లో మా వారి జేబు ఖాళీ అయింది. పెద్దాడు మాత్రం, "మా బెంగుళూరులో ఇంతకంటే పెద్దవున్నాయి అమ్మమ్మా" అన్నాడు. మూడోరోజు ఎవరిళ్ళకో తీసుకెళ్ళాను. నాలుగోరోజు ఈ ఫోను.

ఆ రాత్రి మా వారితో మొర పెట్టుకున్నాను. ఆయన పడక్కుర్చీలో విసనకర్ర ఊపుకుంటూ అంతా విని, "మీ అమ్మ మన అమ్మాయికి ఎప్పుడైనా ఊరు చూపించిందా?" అన్నారు.

"ఊళ్ళో చూపించటానికేముందండీ?"

"మరదే. ఏమీ చూపించలేదు. పొద్దున్నే చద్దన్నం పెట్టి వదిలేసేది. నువ్వు వీళ్ళని చుట్టాల్లాగా చూస్తున్నావు. చుట్టానికి నాలుగోరోజు విసుగు పుట్టదూ?"

మాట సూదిలా గుచ్చుకుంది. నిజమే. వేసవిలో కాలవ కట్టేస్తే మిగిలిన మడుగుల్లో చేపలు పట్టటం, తాటి ముంజలు తిని ఆ కాయలతో బండి చేసుకోవటం, చింతచెట్టు కింద అష్టాచెమ్మా — ఏదీ మా అమ్మ ఏర్పాటు చేసింది కాదు. కాని హైదరాబాదు నడివీధిలో పిల్లల్ని వదిలెయ్యటం ఎట్లా? రోడ్డు దాటడానికే మనకి ప్రాణం మీదికొస్తోందే! మా వారు దానికీ ఉపాయం చెప్పారు. "వదిలెయ్యద్దు. అప్పగించు. వాడు ముందు నడుస్తాడు, మనం వెనక నడుద్దాం."

మర్నాడు పెద్దాడి చేతిలో ఒక నోటుపుస్తకం, నగరం పటం, రోజు ఖర్చుకి మూడువందల రూపాయలు పెట్టాను. "ఇవాళ్టి నుంచి ఎక్కడికెళ్ళాలో, ఎట్లా వెళ్ళాలో, ఏం తినాలో నువ్వే చూడు. నేనూ తాతయ్యా చిన్నదీ నీ వెనక వస్తాం. షరతులు మూడే. పది నుంచి నాలుగు దాకా ఎండలో తిరగకూడదు. ఆ వేళప్పుడు ఏ కప్పు కిందైనా ఉండాలి. నీళ్ళ సీసా లేకుండా గడప దాటకూడదు. చిన్నది ఒప్పుకోనిదే ఏదీ జరగకూడదు." చిన్నది అప్పుడే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది, మంత్రిగారిలాగా.

వాడు పటం ముందు పెట్టుకుని అరగంట కూచున్నాడు. ఆ అరగంటా ఫోను జోలికి పోలేదని మనసులోనే గుర్తు పెట్టుకున్నాను.

మొదటి యాత్ర సాలార్‌జంగ్ మ్యూజియం. మ్యూజియానికి శుక్రవారం సెలవనీ, జంతుప్రదర్శనశాలకి సోమవారం సెలవనీ వాడే కనుక్కుని పుస్తకంలో ఎక్కించాడు. ఆర్టీసీ బస్సెక్కాం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి సిటీ బస్సుల్లో టికెట్టుకి డబ్బు లేదు గదా. నాకు సున్నా టికెట్టు చేతికొస్తే వాడు తెగ ఆశ్చర్యపోయి, మిగిలిన డబ్బు లెక్క రాసుకున్నాడు. అయితే బస్సు నుదుటి మీది తెలుగు అక్షరాలు వాడికి రావు. బెంగుళూరు చదువు. ఇంట్లో మాట్లాడే భాషే గాని చదివే భాష కాదు. "అమ్మమ్మా, ఆ మొదటి అక్షరం ఏంటి?" అని అడిగాడు. "అ" అన్నాను. "అమ్మమ్మకీ అదే, అఫ్జల్‌గంజ్‌కీ అదే" అని చిన్నది పాటలాగా అందుకుంది. ఏడాదిగా వాళ్ళమ్మ నేర్పబోతే పారిపోయిన అక్షరాలు, బస్సు తప్పిపోతుందనే భయంతో వారం రోజుల్లో పట్టుబడ్డాయి.

అఫ్జల్‌గంజ్‌లో దిగి, నయాపూల్ మీదుగా మూసీ దాటి, ఎండ ముదరకముందే లోపల పడ్డాం. మ్యూజియాన్ని 1951లో నెహ్రూగారు దివాన్‌దేవిడీలో ప్రారంభించారనీ, ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారిందనీ మా వారు చెప్పబోయారు. పిల్లలు వినలేదు. వాళ్ళు గడియారం ముందు కూలబడ్డారు. గంట కొట్టే వేళకి గడ్డం బొమ్మ ఒకటి తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి వెళ్ళిపోతుంది. పక్కనే కమ్మరి బొమ్మ క్షణానికొక దెబ్బ వేస్తూ ఉంటుంది. పదకొండు దెబ్బలు విన్నాక, "పన్నెండుకి ఇంకో దెబ్బ ఎక్కువ, ఉందాం" అని తీర్మానించాడు పెద్దాడు. నేనైతే "పదండి, పదండి, ఇంకా ఎన్నో గదులున్నాయి" అనేదాన్ని. ఇప్పుడు నోరు మూసుకోవటమే నా ఉద్యోగం. ఈలోపు ముసుగు కప్పుకున్న పాలరాతి రెబెక్కా దగ్గర చిన్నది చాలాసేపు నిలబడి, "రాతి మీద గుడ్డ కప్పారా, రాయే గుడ్డా?" అని అడిగింది. అంత మంచి ప్రశ్న నాకు నలభై ఏళ్ళలో తట్టలేదు.

రెండోరోజు మెట్రో. అసలు కథ ఇక్కడుంది.

పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉందని వాడికి తెలిసింది. రెండువేల ఏళ్ళు పైబడిన శవాన్ని చూడకుండా ఏ మొగపిల్లాడూ ఉండలేడు. పటం చూసి దారి రాశాడు: చిక్కడపల్లిలో ఎక్కి, ఎంజీబీఎస్‌లో దిగి, అక్కడ మియాపూర్ వైపు వెళ్ళే బండి పట్టుకుని, అసెంబ్లీ స్టేషన్లో దిగాలి. బాగానే ఉంది. కాని ఎంజీబీఎస్‌లో జనం మధ్య తత్తరపడి ఎల్బీనగర్ వైపు బండి ఎక్కించాడు. నాకు తెలుసు. మా వారికీ తెలుసు. నేను నోరు తెరవబోతే ఆయన నా చెయ్యి నొక్కారు. మలక్‌పేట వెళ్ళింది. న్యూమార్కెట్ వెళ్ళింది. ముసారాంబాగ్ దగ్గర వాడు తలుపు పైనున్న పట్టిక చూసి ఎర్రగా కందిపోయాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాం. చిన్నది ఊరుకుంటుందా? "అన్నయ్య తప్పు ఎక్కించాడోచ్!" అని నలుగురూ వినేటట్టు చాటింది.

వాడు నోటుపుస్తకం నా చేతిలో పెట్టేశాడు. "నేనింక దారి చూపించను అమ్మమ్మా. నా వల్ల కాదు." కళ్ళల్లో నీళ్ళు.

అప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. వీడి తల్లి తొమ్మిదేళ్ళప్పుడు పొలం గట్లు పట్టుకుని పోయి, దారి తప్పి, పక్క ఊళ్ళో తేలింది. సాయంకాలం ఎవరో సైకిలు మీద ఎక్కించుకుని దింపారు. మేమంతా కేకలెయ్యబోతుంటే మా అమ్మ మజ్జిగ గ్లాసు దాని చేతికిచ్చి, "ఆ ఊళ్ళో ఏం చూశావే?" అని అడిగింది. అంతే. ఆ పిల్ల అరగంటసేపు చెప్పింది.

నేనూ అదే అడిగాను. "సరేగాని, ఇంత దూరమొచ్చాంగా, దారిలో ఏం చూశావు?"

వాడు కాసేపు బిగుసుకుని ఉండి, మెల్లగా విప్పాడు. మూసీ అంత వెడల్పుగా ఉండి నీళ్ళు సన్నగా ఉన్నాయట. ఒక డాబా మీద ఎవరో ఎర్రగా ఏదో ఆరబెట్టారట, మిరపకాయలని చెప్పాను. మరో డాబామీద పావురాల గూడు ఉందట. పైనుంచి చూస్తే ఊరంతా డాబాలేనట. చెబుతూ చెబుతూనే అవతలి ప్లాట్‌ఫారానికి దారి వెతికాడు. మా వారు గంభీరంగా, "మార్గదర్శి ఉద్యోగానికి రాజీనామా ఇవ్వాలంటే నెల రోజుల నోటీసు కావాలోయ్" అని పుస్తకం తిరిగి చేతికిచ్చారు. ఒంటిగంటకి మమ్మీ ముందు నిలబడ్డాం.

ఆ రాత్రి ఫోనులో చిన్నది వార్త చేరవేసింది. మా అమ్మాయి నా మీద విరుచుకుపడింది. "ఈ ఎండల్లో, ఆ జనంలో, పిల్లాడి చేతికి దారి అప్పగిస్తావా అమ్మా? నేనొచ్చి తీసుకెళ్ళిపోతాను!"

"అప్పగించాను గాని వదల్లేదే. అడుగు వెనకనే ఉన్నాం. నువ్వు తప్పిపోయిన రోజున మీ అమ్మమ్మ నిన్ను ఏమడిగిందో గుర్తుందా?" అన్నాను.

అటువైపు చాలాసేపు మాట లేదు. తర్వాత చిన్నగా నవ్వింది. "ఆ ఊళ్ళో గుడి దగ్గర ఏనుగు బొమ్మ ఉందని చెప్పాను" అంది. గొంతులో తడి. "సరే, నీళ్ళు బాగా తాగించు" అని పెట్టేసింది.

ఆ తర్వాత రోజులు ఎట్లా పోయాయో తెలియలేదు. తెల్లారగట్ల ఆరింటికి పబ్లిక్ గార్డెన్స్. పొద్దెక్కాక ఇంటి దగ్గరే ఉన్న సిటీ సెంట్రల్ లైబ్రరీ. నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియంలో తెలుగు ప్రదర్శన. దాన్ని 1985లో రామారావుగారు ప్రారంభించారు. మా అమ్మాయిని మేము తీసుకెళ్ళిన రోజులు నాకు గుర్తొచ్చాయి. సాయంత్రం మొజంజాహీ మార్కెట్టు దగ్గర మామిడిపండు ఐస్‌క్రీము. ఇంకో సాయంత్రం లుంబినీ పార్కు నుంచి పడవలో బుద్ధుడి దగ్గరికి. ఆ విగ్రహం 1990 మార్చిలో తరలిస్తుండగా పడవ ఒరిగి నీళ్ళలో పడిపోవటం, కొందరి ప్రాణాలు పోవటం, రెండేళ్ళకి పైగా సాగరు అడుగున ఉండి 1992లో లేచి నిలబడటం మా వారు పడవలోనే చెప్పారు. ఈసారి పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. కాళ్ళ కింద అవే నీళ్ళుంటే చరిత్ర ఎందుకు వినరు?

ఖర్చులేని వినోదం ఒకటి మీకు ప్రత్యేకంగా చెప్పాలి. కర్కటరేఖకీ మకరరేఖకీ మధ్యనున్న ప్రతి ఊళ్ళోనూ ఏడాదికి రెండురోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికొస్తాడు. అప్పుడు నిటారుగా నిలబెట్టిన వస్తువుకి పక్కన నీడ ఉండదు. హైదరాబాదులో అది మే 9 ప్రాంతంలోనూ, ఆగస్టు 3 ప్రాంతంలోనూ వస్తుంది. ఆగస్టులో మబ్బులుంటాయి గనక మే నెలదే మనది. మిగతా ఊళ్ళకి కొద్దిరోజులు అటూ ఇటూ. పెద్దాడు మా భవనంలో పిల్లలందరికీ కబురుపెట్టాడు. "పది నుంచి నాలుగు" చట్టానికి పావుగంట సవరణ అడిగితే ఇచ్చాను, నెత్తిన టోపీలుండాలనే షరతు మీద. డాబా మీద ఒకపక్క నా గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. వాటికి కాకుల కాపలా చిన్నది. ఇంకోపక్క అప్పడాల కర్ర, స్టీలు గ్లాసు, ఎవరిదో క్రికెట్టు వికెట్టు నిలబెట్టారు. పన్నెండు దాటి పన్నెండు నిమిషాలయ్యేసరికి నీడలు కుంచించుకుపోయి కాళ్ళ కిందికి దూరిపోయాయి. పిల్లలు చేసిన గోలకి కాకులు కూడా పారిపోయాయి. వడియాలు దక్కాయి.

వీధి చివర ముంజలమ్మే మనిషిని బతిమాలి మా వారు రెండు ఖాళీ కాయలు తెచ్చారు. పుల్ల గుచ్చి, పంగలకర్ర తగిలించి, డెబ్బై ఏళ్ళ వయస్సులో బండి తయారుచేశారు. మూడు గదుల్లోనూ, వరండాలోనూ దాని చప్పుడే. కింద అంతస్తు వాళ్ళు ఏమంటారోనని భయపడ్డాను. వాళ్ళ పిల్లాడు వచ్చి తనకీ ఒకటి కావాలన్నాడు.

ఇంతా చేసి, చివరివారంలో పెద్దాడు తనంతట తానే గోలకొండ పేరెత్తాడు. ఈసారి కోట తెరిచే వేళకి గుమ్మంలో ఉన్నాం. నేనూ చిన్నదీ కిందనే చప్పట్లు కొట్టాం. తాతా మనవడూ ఆగి ఆగి పైకెక్కారు. ఫోను మోగింది. "వినిపించింది అమ్మమ్మా! మళ్ళీ కొట్టు!" అన్నాడు. అరచేతులు మండేదాకా కొట్టాను. పదిన్నరకల్లా తిరుగు ఆటోలో ఉన్నాం.

మీ ఇళ్ళకీ మనవలు వస్తారు గనక నాకు అనుభవంలో తేలింది నాలుగు మాటల్లో చెబుతాను. నగరంలో వేసవికి రెండు కొసలే మంచివి, తెల్లవారూ సాయంత్రమూ. నడిమధ్యాహ్నాన్ని మ్యూజియానికో, లైబ్రరీకో, నిద్రకో ఇచ్చెయ్యండి. దాహం వెయ్యకముందే నీళ్ళు, మజ్జిగ పట్టించండి. తల తిరిగినా, వాంతి వచ్చినా ఆ రోజుకి యాత్ర కట్టిపెట్టి, నీడపట్టున చల్లబరచండి, తగ్గకపోతే డాక్టరు దగ్గరికి పదండి. రోజుకి ఒక్కచోటు చాలు. ఇక పటమూ పద్దుపుస్తకమూ పిల్లల చేతిలో పెట్టి, మీరు వెనక నడవండి. మాకు మాలులో ఒక్క సాయంత్రానికి అయిన డబ్బుతో పదిరోజులు తిరిగామని వాడి పుస్తకంలోనే లెక్క ఉంది.

రోహిణీకార్తె ప్రవేశించిన వారంలో మా అమ్మాయి వచ్చింది. కాచిగూడ స్టేషనుకి ఏ దారిన వెళ్ళాలో ఆటో అతనికి పెద్దాడే చెప్పాడు. ముంజకాయల బండి ఎండి వడిలిపోయినా చిన్నది వదల్లేదు. చంకలో పెట్టుకునే రైలెక్కింది. కిటికీ దగ్గర ఎదుటి సీటు పిల్లాడెవరో పెద్దాణ్ణి అడుగుతున్నాడు, "మీది హైదరాబాదా?" అని.

"కాదు, మాది బెంగుళూరు. ఇది మా అమ్మమ్మగారి ఊరు."

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, స్టేషనులో పొగ అన్నాను. "కరెంటు రైలుకి పొగేమిటే?" అన్నారు మా వారు. ఆయన ఎప్పుడూ ఇంతే.

నోటుపుస్తకం బల్లమీద వదిలేసి వెళ్ళాడు. చివరి పేజీలో వంకరటింకర తెలుగు అక్షరాల్లో రాసి ఉంది: "వచ్చే ఏడు దారి చిన్నది చూపిస్తుంది." భగవంతుడా, అది మమ్మల్ని ఎక్కడ దింపుతుందో! ఇప్పటినుంచే కాళ్ళకి నూనె రాసుకోవాలి.